మామూలు వైరల్ జ్వరమే అన్నారు

ఒళ్లు కాలిపోతోంది. ఆగస్టు రెండో వారం, విజయవాడలో ముసురు పట్టి వదలడం లేదు. ఆటోనగర్ రోడ్లలో లారీలు బురదనీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. మీకు ఇరవై ఏడేళ్లు. స్పేర్‌పార్టుల కొట్లో కౌంటర్ మీద కూర్చుంటారు. నిన్న మధ్యాహ్నం పైఅర మీది బేరింగుల పెట్టె దించబోతే భుజాలు లేవలేదు. ఓనరు మీ మొహం చూసి, "ఇంటికి పోరా, ఊరంతా ఇవే జ్వరాలు" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. మీ వీధిలో ఇద్దరు డెంగీతో మంచం పట్టారు. పక్కింటి పిల్లాడికి టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కిస్తున్నారు. అమ్మ మీ నుదుటి మీద చెయ్యేసి చూసి, ఏమీ అనకుండా మిరియాల చారు కాచింది. గొంతు మంటెత్తి ఒక్క ముద్ద దిగలేదు. రాత్రి రెండింటికి లేచి చూసుకుంటే బనీను పిండుకోవచ్చు. చెమటకి దుప్పటి కూడా తడిసింది. ఫ్యాన్ గాలికి వణుకొచ్చి మళ్లీ అదే తడిదుప్పటి కప్పుకున్నారు.

మొదటి రోజు మెడికల్ షాపులో డోలో మాత్రలు కొన్నారు. రెండో రోజు సందు చివర ఆర్‌ఎంపీ గారు నాడి చూసి, ఇంజెక్షన్ చేసి, మూడు రోజులకు యాంటీబయాటిక్ కట్టించారు. "మామూలు వైరల్ జ్వరమే, భయం లేదు" అన్నారు. ఆ మాట వినగానే సగం తగ్గినట్టే అనిపించింది.

నాలుగో రోజు పొద్దున చొక్కా మార్చుకుంటూ అద్దం ముందు ఆగిపోయారు. ఛాతీ మీద, కంఠం కింద నుంచి పొట్ట పైదాకా మచ్చలు. ఒక్కోటి కందిగింజంత ఉంది, కొన్ని అంతకంటే కాస్త పెద్దవి. ఎర్రగా లేవు. మీది చామనఛాయ కాబట్టి ముదురు గోధుమరంగులో కనబడుతున్నాయి. వేలితో తడిమితే పెద్దగా ఎత్తు తగలడం లేదు, దురద లేదు. వెనక్కి తిరిగి మెడ తిప్పి చూస్తే వీపు మీదా ఉన్నాయి. ఆర్‌ఎంపీ గారికి చూపిస్తే, "మందు పడలేదు నీకు" అని యాంటీబయాటిక్ మార్చి, రక్తపరీక్షలు రాశారు.

సాయంత్రానికి రిపోర్టు చేతికొచ్చింది. తెల్లకణాలు 2,900. ప్లేట్‌లెట్లు 1,08,000. డెంగీ ఎన్‌ఎస్‌1 నెగటివ్, మలేరియా నెగటివ్. వైడల్ పరీక్షలో 1:80 అని వచ్చింది. దాన్ని పట్టుకుని ల్యాబ్ కుర్రాడు "టైఫాయిడ్ ఛాయలున్నాయన్నా" అన్నాడు. ప్లేట్‌లెట్ల మాట చెవిన పడగానే అమ్మ ఎవరింట్లోంచో బొప్పాయి ఆకులు కోసుకొచ్చి రోట్లో దంచింది. ఆ చేదు పసరు కళ్లు మూసుకుని మింగారు.

ఇంతవరకూ ఎవరూ తప్పు చేయలేదనే నేనంటాను. ఆగస్టులో, కృష్ణా తీరంలో, జ్వరమూ దద్దుర్లూ ప్లేట్‌లెట్లు తగ్గడమూ కలిసి కనిపిస్తే ఎవరైనా ముందు డెంగీనే తలుచుకోవాలి. దాన్ని పట్టించుకోకపోతే ప్రాణాలు పోతాయి. అయితే ఈ లక్షణాలన్నీ ఇదే వరసలో తెచ్చిపెట్టే జబ్బు ఇంకొకటి ఉంది. దాని పేరు ఈ నాలుగు రోజుల్లో ఒక్కరి నోటా రాలేదు. మీ మనసులో మాత్రం ఒకసారి వచ్చింది. రాత్రి రెండింటికి, తడిదుప్పటి కింద. వెంటనే అవతలికి తోసేశారు.

*

అయిదో రోజు. పెద్దాసుపత్రి మెడిసిన్ ఓపీ. చీటీ పట్టుకుని గంటన్నర నుంచి బెంచీ మీద ఉన్నారు. పక్కన అమ్మ. చుట్టూ దగ్గులు, తుమ్ములు, మూలుగులు. మీకు దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. గొంతు ఇంత మండుతున్నా జలుబు ఛాయ కూడా లేదు. ఆ సంగతి ఇప్పటిదాకా మీకూ తట్టలేదు.

డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. రిపోర్టుల మీద ఒక్క చూపు చూసి పక్కన పెట్టేశారు. టార్చి వేసి, "నోరు తెరువు బాబూ" అన్నారు. గొంతు ఎర్రగా ఉంది, చీము లేదు. కింది పెదవి లోపలి వైపు తిప్పి చూశారు. అక్కడ రెండు నోటిపూతలు, తెల్లటి అడుగుతో. మీరు చారు కారానికి పొక్కాయనుకున్నవి. తర్వాత ఆమె వేళ్లు మీ దవడ కింద నుంచి మెడ పక్కగా, మెడ వెనక్కి మెల్లగా జరిగాయి. ఒకచోట ఆగాయి. ఇంకోచోట ఆగాయి. చంకల్లో చూశారు. "బిళ్లలు కట్టాయి. నొప్పిగా ఉందా?" లేదు. నొక్కుతున్నా నొప్పి లేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "అమ్మా, మీరు ఒక్క ఐదు నిమిషాలు బయట కూర్చోండి. అబ్బాయిని పూర్తిగా పరీక్ష చెయ్యాలి."

అమ్మ వెళ్లింది. నర్సు కర్టెన్ లాగింది. డాక్టరమ్మ గొంతు తగ్గింది.

"ఇలాంటి జ్వరంతో వచ్చిన పెద్దవాళ్లందరినీ నేను ఈ ప్రశ్న అడుగుతాను. నిన్ను చూసి అడుగుతున్నది కాదు. ఈ నెల, నెలన్నరలో ఎవరితోనైనా కలిశావా, కండోమ్ లేకుండా? ఆడవాళ్లయినా మగవాళ్లయినా నాకు తేడా లేదు. ఎవరైనా వాడిన సూదితో ఏమైనా ఎక్కించుకున్నావా?"

"లేదు మేడమ్." అడిగీ అడక్కముందే వచ్చేసింది ఆ జవాబు.

ఆమె రెట్టించలేదు. చీటీ మీద ఏదో రాస్తూ, తల ఎత్తకుండానే చెప్పుకుపోయారు. "ఎందుకడిగానంటే, హెచ్‌ఐవీ ఒంట్లోకి చేరిన రెండు నుంచి నాలుగు వారాలకి చాలామందికి సరిగ్గా ఇలాంటి జ్వరమే వస్తుంది. గొంతునొప్పి, దద్దుర్లు, నోటిపూత, బిళ్లలు, రాత్రిళ్లు చెమటలు. కొందరికి విరేచనాలు. ఒక వారం, రెండు వారాలుండి దానంతటదే పోతుంది. అప్పుడు పట్టుకుంటే నాకు చాలా పని సులువు. పోయిన తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి ఏమీ కనబడదు."

బయట ఎవరిదో పేరు పిలుస్తున్నారు. మీ చూపు బల్ల మీది పేపర్‌వెయిట్ మీద ఉంది.

"బోనాలకి హైదరాబాద్ వెళ్లాను మేడమ్." మీ గొంతు మీకే కొత్తగా ఉంది. "లాల్‌దర్వాజా బోనాల ముందురోజు. శనివారం."

ఆమె గోడమీది క్యాలెండర్ వైపు చూసి వారాలు లెక్కపెట్టారు. ఇవాళ్టికి ఇరవై రోజులు. జ్వరం మొదలైంది ఐదు రోజుల కిందట. పెన్ను మూత పెట్టి, మొదటిసారి మీ కళ్లలోకి చూశారు. "మంచిపని చేశావు, చెప్పావు" అన్నారు. ఎవరు, ఎందుకు, ఎక్కడ అని ఒక్క మాట అడగలేదు. డెంగీని కూడా వదిలెయ్యలేదు. రేపు ప్లేట్‌లెట్లు మళ్లీ చూడాలని రాశారు. దాని కింద ఇంకో గది పేరు రాశారు.

*

ఆ ఇరవై రోజుల్లో లోపల జరిగింది ఇది. ఆ రాత్రి మీ ఒంట్లోకి దిగిన వైరస్ మొదటి పది రోజులూ ఏ పరీక్షకీ దొరకనంత కొద్దిగా ఉంది. ఆ శనివారం తర్వాత 72 గంటల్లోపు, ఎంత ముందయితే అంత మంచిది, డాక్టర్ దగ్గరకి వెళ్లి ఉంటే 28 రోజుల మందులతో దాన్ని అక్కడే ఆపే వీలుండేది. అలాంటి మందు ఉందనే మీకు తెలీదు, మీ దోస్తులకీ తెలీదు. ఈలోగా అది లింఫు గ్రంథుల్లోకి, పేగుల గోడల్లోకి పాకింది. ఒంటిని కాపాడే సీడీ4 కణాలు కిక్కిరిసి ఉండే చోట్లు అవే. ఆ కణాల్లోనే కూర్చుని, వాటి చేతే తన ప్రతులు తయారు చేయించుకుంది. ఇప్పుడు మీ రక్తం ఒక్క మిల్లీలీటరులో లక్షల్లో వైరస్ కణాలున్నాయి. ముందెప్పుడూ ఇన్ని లేవు, ఇకముందు చాలా ఏళ్లు ఇన్ని ఉండవు. ఈ ఉద్ధృతి మీద మీ ఒళ్లు ఒక్కసారిగా తిరగబడింది. మీ జ్వరం, మచ్చలు, బిళ్లలు ఆ తిరుగుబాటుకి గుర్తులు.

ఇంకొకరికి సోకించే శక్తి కూడా ఈ వారాల్లోనే అన్నిటికంటే ఎక్కువ. తనకు సోకిందని తెలియని వారాలు కూడా ఇవే.

*

ఆమె రాసిన ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల గది, ఓపీ వెనక, ఫార్మసీ దాటాక ఉంది. గోడమీద 1097 హెల్ప్‌లైన్ పోస్టరు. మీరు గుమ్మం దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, తెలిసినవాళ్లెవరూ లేరని ఖాయం చేసుకుని లోపలికి అడుగుపెట్టారు.

కౌన్సెలర్ ముప్పై అయిదేళ్ల మనిషి. పరీక్ష ఏమిటో, ఫలితం ఎలా వస్తే ఏం చేస్తారో ముందు చెప్పింది. ఆ తర్వాతే మీ ఒప్పుదల అడిగి సంతకం తీసుకుంది. "ఇష్టం లేకపోతే వద్దనొచ్చు తమ్ముడూ. నీ ఫలితం నీది. మీ అమ్మకైనా, మీ ఓనరుకైనా నేను చెప్పను, చెప్పకూడదు, దానికి చట్టముంది." ఆమె చెబుతున్నది 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం. రోగి ఒప్పుదల, గోప్యత దాని మూలస్తంభాలు. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తియ్యడం, వైద్యం నిరాకరించడం దాని ప్రకారం నేరుగా నిషిద్ధం.

రక్తం తీసి, కిట్‌లో చుక్క వేశారు. వేలెడు పొడవున్న తెల్ల ప్లాస్టిక్ పలక. మధ్యలో చిన్న కిటికీ. తడి మెల్లగా పైకి పాకుతోంది. కంట్రోల్ గీత తేలింది. మీరు ఊపిరి బిగబట్టి రెండో గీత కోసం చూస్తున్నారు. అది రాలేదు. ఇంకాసేపు చూశారు. రాలేదు.

"నాన్‌రియాక్టివ్" అంది.

మీ మోకాళ్లలో బలం తిరిగొచ్చింది. నవ్వొచ్చింది. "థాంక్సక్కా" అని లేచేశారు.

"కూర్చో తమ్ముడూ. అవలేదు."

ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఇదంతా రాస్తున్నానేమో. ఎంతోమంది ఈ గుమ్మం దగ్గర నుంచే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, హాయిగా వెళ్లిపోతారు. ఆమె మిమ్మల్ని వెళ్లనివ్వలేదు.

"ఈ కిట్ వైరస్‌ని చూడదు. వైరస్ మీద నీ ఒళ్లు తయారు చేసే యాంటీబాడీల్ని చూస్తుంది. అవి కనబడే మోతాదుకి రావడానికి మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. నీకింకా మూడు వారాలే నిండలేదు. దీన్ని విండో పీరియడ్ అంటారు. ఇవాళ్టి నెగటివ్‌కి అర్థం 'లేదు' అని కాదు, 'ఇంకా చెప్పలేం' అని. ఈలోగా కండోమ్ లేకుండా ఎవరితోనూ కలవొద్దు. రక్తదానం అసలు వద్దు." మీకు గుర్తొచ్చింది. వచ్చే శుక్రవారం, పంద్రాగస్టుకి, యూనియన్ వాళ్లు రక్తదాన శిబిరం పెడుతున్నారు. ఓ పాజిటివ్ కదా అని మీ పేరు రాసుకున్నారు.

డాక్టరమ్మ అప్పటికే ఇంకో రెండు పరీక్షలకు రాసి ఉంచారు. ఒకటి నాలుగో తరం పరీక్ష. అది యాంటీబాడీలతో పాటు వైరస్ పైతొడుగు లోపలుండే పీ24 అనే ప్రొటీన్‌ని కూడా పట్టుకుంటుంది. నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే 18 నుంచి 45 రోజుల మధ్య సోకిన సంగతి బయటపడుతుంది. రెండోది వైరస్ ఆర్‌ఎన్‌ఏని నేరుగా వెతికేది. 10 నుంచి 33 రోజుల మధ్యే దొరికిపోతుంది. ఇది ప్రతి ఊళ్లో దొరకదు, అందరికీ రాయరు. మీకు రాశారంటే కారణం, మీరు ఆ శనివారం గురించి నోరు విప్పడమే.

*

రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులు. ఈ జబ్బు తొలిరూపం ఎప్పుడు బయటపడిందో చెప్పుకోవడానికి ఇదే అదను. 1985లో సిడ్నీలో డేవిడ్ కూపర్ అనే డాక్టరు, ఆయన సహచరులు తమ దగ్గరికొచ్చే కొందరు మగవాళ్ల రక్తాన్ని పదేపదే పరీక్షిస్తున్నారు. నెగటివ్‌గా ఉన్నవాళ్లు పాజిటివ్‌గా మారే ముందు ఏం జరిగిందని అడిగితే, దాదాపు అందరిదీ ఒకటే జవాబు. హఠాత్తుగా జ్వరం, చెమటలు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, బిళ్లలు, ఛాతీ మీదా వీపు మీదా దద్దుర్లు. 3 నుంచి 14 రోజులుండి పోయింది. ప్లేట్‌లెట్లు తగ్గడం కూడా వాళ్లు రాశారు. లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం చదువుతుంటే, నలభై ఏళ్ల తర్వాత బొప్పాయి పసరు తాగుతున్న మీరే గుర్తొస్తారు నాకు. మరుసటి ఏడే, 1986లో, చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం మన దేశంలో మొదటి కేసుల్ని గుర్తించింది. ఇవాళ దేశంలో 25 లక్షలమందికి పైగా హెచ్‌ఐవీతో బతుకుతున్నారు. వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. అంటే ఆ ప్రశ్నని కర్టెన్ లాగి అడగాల్సిన అవసరం మన ఓపీల్లో ఇంకా ఉంది.

అలాగని మచ్చలు కనబడ్డ ప్రతివాళ్లూ హడలిపోవద్దు. అలాంటి జ్వరాల్లో అత్యధికం డెంగీలూ, మామూలు వైరల్ జ్వరాలూనే. సోకిన వాళ్లలో కూడా కొందరికి ఏ లక్షణమూ రాదు. లక్షణాలు చూసి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. చెప్పేవి రెండే: ఆ నాలుగు వారాల్లో ఏం జరిగిందన్న నిజం, సరైన రోజున చేసిన పరీక్ష.

ఈలోగా మీ జ్వరం దిగిపోయింది! ఎనిమిదో రోజు పొద్దున ఒళ్లు చల్లగా ఉంది. మచ్చలు మాసిపోతున్నాయి. పెసరట్టు రెండు తిన్నారు. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయి. అమ్మ దిష్టి తీసి, "ఆ పసరే పని చేసింది" అంది. ఆర్‌ఎంపీ గారు దారిలో కనబడి, మార్చిన యాంటీబయాటిక్ సంగతి చెప్పారు. వీళ్లిద్దరి మాటా నమ్మాలని మీకు ఎంత ఉందో! రిపోర్టు తెచ్చుకోవడం ఎందుకు ఇక, తగ్గిపోయింది కదా అని బైక్ మీద కూర్చుని పదినిమిషాలు ఆలోచించారు.

ఆలోచించి, వెళ్లారు.

యాంటీబాడీ లేదు. పీ24 రియాక్టివ్. ఆర్‌ఎన్‌ఏ, మిల్లీలీటరుకి 38 లక్షల కాపీలు.

డాక్టరమ్మ ఆ అంకె మీద వేలు పెట్టి, "ఇంత పెద్ద అంకె చూసి భయపడకు. ఇది కొత్తగా సోకిందని చెప్పే అంకె. మందు వేస్తే దిగుతుంది" అన్నారు. మీకు ఏమీ వినబడలేదు. కాసేపటికి నర్సు మంచినీళ్లు తెచ్చిచ్చింది. డాక్టరమ్మ మళ్లీ మొదటినుంచీ చెప్పారు, అంతే ఓపిగ్గా.

*

మూడు వారాల తర్వాత అదే ఐసీటీసీ గది. ఈసారి ఒకదాని తర్వాత ఒకటి మూడు రకాల కిట్లు. మూడింటిలోనూ రెండో గీత తేలింది. ప్రభుత్వ పద్ధతిలో నిర్ధారణ అంటే ఇదే. అదే వారం హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పుస్తకం రాశారు. సీడీ4 చూశారు, క్షయ ఉందేమోనని అడిగారు. మందు ఉచితం. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. ఒకప్పుడు సీడీ4 పడిపోయేదాకా ఆగమనేవాళ్లు. 2017 నుంచి మన దేశంలో ఎవరికి తేలితే వాళ్లకి వెంటనే మొదలుపెడుతున్నారు. తొలిరోజుల్లోనే మొదలుపెట్టిన వాళ్లకి ఒంట్లో దాక్కునే వైరస్ నిల్వ తక్కువగా ఉంటుంది, సీడీ4 కణాలు ఎక్కువ మిగులుతాయి.

"అమ్మ సంబంధాలు చూస్తోందక్కా." కౌన్సెలర్‌తో ఆ మాటన్నారు, నేల చూపులు చూస్తూ.

"పెళ్లి చేసుకోవచ్చు. పిల్లల్నీ కనొచ్చు. మాత్ర మానకుండా వేసుకో. రక్తంలో వైరస్ కనబడనంత తగ్గి, అలాగే నిలిస్తే, నీ నుంచి భార్యకి కలయిక ద్వారా సోకదు. ఇది ధైర్యానికి చెప్పే మాట కాదు, వేలమంది జంటల్ని చూసి తేల్చింది. కాకపోతే ఆమెకి పెళ్లికి ముందే చెప్పాలి. ఎలా చెప్పాలో నేను పక్కనుంటా. ముందు ఇంకో మనిషికి చెప్పాలి కదా."

ఆ ఇంకో మనిషి నంబరు ఫోన్‌లో ఇంకా ఉంది. ఆసుపత్రి గోడ పక్క, వేపచెట్టు కింద నిలబడి చేశారు. రెండోసారికి ఎత్తారు. కౌన్సెలర్ నేర్పినట్టే, తడబడుతూనే చెప్పారు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత కోపం. తర్వాత, "నాకేం లేదు. నాకసలు జ్వరమే రాలేదు" అని.

"రాకపోయినా ఉండొచ్చంట. నాదగ్గర్నుంచి వచ్చిందా, నీదగ్గర్నుంచి వచ్చిందా అని కాదు నేను చేసింది. అక్కడ ఉస్మానియాలో అయినా గాంధీలో అయినా ఐసీటీసీ గది ఉంటుంది, డబ్బులు తీసుకోరు. ఆ శనివారం తేదీ చెప్పు వాళ్లకి. నెగటివ్ వస్తే మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడిగి రాసుకో."

"ఏ తేదీ?"

మీరు చెప్పారు.